రెక్కలున్న పాలామె

పాలలో నీళ్లు కలిపేవాళ్ల మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ పాలతను గుమ్మంలోకి రాగానే అతని చెంబులో వేలు ముంచి, బొటనవేలి గోటి మీద చుక్క వేసుకుని, అది నిలుస్తుందా జారుతుందా అని కళ్లు చికిలించి చూస్తాను. "ఏందమ్మా, రోజూ గిదే లొల్లి! ఇన్నేండ్ల సంది పోస్తున్న, ఒక్కనాడన్న నీళ్లు కలిసినయా?" అని అతను మొత్తుకుంటాడు. పాపం, అతని మీద నాకే అనుమానమూ లేదు. ఆ చుక్కను చూడకుండా మాత్రం ఉండలేను. ఎందుకుండలేనో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రాసేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడక్కర్లేదు కదా.

మాది బర్రెల ఇల్లు. పురానాపూల్ వంతెనకు ధూల్‌పేట వైపు, మూసీ గడ్డన మా కొట్టం ఉండేది. నాన్న పోయాక మా అవ్వే, అంటే అమ్మే, నాలుగు బర్రెలనూ, నన్నూ సాకింది. ఆవిడకు లోకంలో ఒక్కటే గర్వం, మా పాలలో నీళ్లుండవని. ఎవరైనా పాలు పలచగున్నాయని నసిగారో, అయిపోయారన్నమాటే. "నీళ్లు కావాల్నంటె మూసిల మస్తున్నయి, పోయి తాగుండ్రి! మా ఇంట్ల పాలే దొరుకుతయి" అని వీధి వినేలా అరిచేది. నాకు పదిహేనేళ్లు వచ్చేసరికి పొద్దుటి పాలు నా నెత్తి మీదికి వచ్చాయి. ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకుని వంతెన దాటి, పాత నగరపు దర్వాజా లోపలి గల్లీల్లో ఏడెనిమిది ఇళ్లకు పోసి వచ్చేదాన్ని. దూరదేశంలో యుద్ధం నడుస్తున్న రోజులవి.

కొలత పోశాక కొసరు వేయాలి. అది మా ఇంటి చట్టం. కొలపాత్ర గిన్నెలోకి వంపిన తర్వాత మళ్లీ బిందెలో ముంచి, మణికట్టు కాస్త వాల్చి ఇంకో గుక్కెడు వదలాలి. దాన్ని కొలవకూడదు, చూడకూడదు, వేస్తున్నానని అనకూడదు. "కొసరెయ్యకుంట చెయ్యి ఎన్కకు తీసినవనుకో, ఆ చెయ్యి ఇరగ్గొడ్త" అని అవ్వ మొదటి రోజే చెప్పింది. అందుకే ఆ పని నాకు ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది.

నా చివరి ఇల్లు బాజా మేమ్‌సాబ్‌ది. గోవా నుంచి వచ్చిన కిరస్తానీ ముసలామె. ఆమె భర్త ఫౌజు బ్యాండులో బాకా ఊదేవాడట, అందుకని గల్లీలో అందరూ ఆమెను అలా పిలిచేవారు. ఆయన పోయాడు. కొడుకు కూడా ఫౌజులోనే ఎక్కడో సముద్రాల అవతల ఉన్నాడు. కోడలు పురిట్లో పోయింది. మిగిలింది నాలుగేళ్ల మనవరాలు. ఒక గది, ముందు చిన్న అరుగు, గోడకు సిలువ, దాని కింద ఆయన బాకా. అదే వాళ్ల సంసారం. మేమ్‌సాబ్ రోజూ తెల్లవారగానే పాలగిన్నె కడిగి, సాసరు మూతపెట్టి గడప మీద ఉంచేది. గిన్నె కనిపించిందంటే పాలు కావాలని అర్థం. పిలవడం, అడగడం ఏమీ ఉండేవి కావు.

ఆ పిల్లకు మాత్రం గిన్నెతో పనిలేదు. నీలం అంచున్న ఎనామిల్ కప్పు పట్టుకుని నాకోసం అరుగు మీద కూర్చునేది. కొసరు తన కప్పులోనే పోయాలి. పొరపాటున గిన్నెలో పోశానా, ఇక చూడండి, గల్లీ గల్లీ లేచిపోయేలా ఏడుపు. పోసిన పాలు నురగతో సహా అక్కడికక్కడే గటగటా తాగేసి, కప్పు తన నెత్తిన బోర్లించుకుని "ఖతం!" అని అరిచేది. మిగతా పాలు మేమ్‌సాబ్ కాచేది. ఈ కొసరు పాలు మాత్రం పచ్చివే. పచ్చిపాలు తాగితే పిల్లలకు బలమని మా అవ్వే అనేది. ఆ పిల్ల నన్ను దూద్ అక్కా అని పిలిచేది. నాకు తోబుట్టువులు లేరు. అలా పిలిపించుకోవడం నాకెంత ఇష్టమో చెప్పలేను.

ఒకరోజు వాన పట్టుకుంటే వాళ్ల గదిలోనే నిలబడిపోయాను. అప్పుడే ఆ పత్తాలు మొదటిసారి చూశాను. మామూలు పేకముక్కల కంటే పొడుగ్గా, అంచులు నలిగి, రంగురంగుల బొమ్మలతో ఉన్నాయి. లాంతరు పట్టుకున్న ముసలాయన, పిడుగుపడి కూలుతున్న బురుజు, కాలికి తాడుకట్టి తలకిందులుగా వేలాడుతున్న మనిషి. మేమ్‌సాబ్ మంచం మీద వాటిని పరిచి ఒక్కొక్కదాన్నే చూస్తోంది. టారో పత్తాలంటారట. ఆమె భర్త ఒకసారి ఓడరేవులో కొనుక్కొచ్చాడట.

నాకు తెలిసిన బొమ్మముక్కలు చిలక జోస్యం వాడివే. చిలక పంజరంలోంచి వచ్చి ముక్కుతో ఒకటి లాగుతుంది, వాడు పెళ్లవుతుందనో, ఇల్లు కడతావనో చదువుతాడు. అందుకే నా మొదటి ప్రశ్న, "మీ చిలకేది మేమ్‌సాబ్?"

ఆమె పడీపడీ నవ్వింది. ముప్పయ్యేళ్లుగా ఇక్కడే ఉండటంతో మన తెలుగూ, దక్కనీ కలిపి మాట్లాడేది. "చిలక లేదు, గిలక లేదు. ఇవి కిస్మత్ చెప్పవు బేటీ. ఊకె చూస్కోనీకే. మా పాదిరి చూస్తె తిడ్తడు, నువ్వు గిట్ల చెప్పకు."

"ఏం చూస్కుంటరు?"

"నాకు చదువు రాదు. పాదిరి కితాబుల చదివి చెప్తడు, నేను వీట్ల బొమ్మల్ల చూస్త. రెండూ ఒక్కటే మాట చెప్తయి ఒక్కోసారి."

ఇంతలో పిల్ల మంచమెక్కి ఆ ముక్కలన్నీ కలిపేసి, వాటిలోంచి ఒకటి లాగి నా ముక్కు ముందు ఆడించింది. "దేఖ్, దేఖ్! దూద్ అక్క!" ఆ బొమ్మలో రెక్కలున్న ఒక ఆడమనిషి, తలలో పువ్వు, రెండు చేతుల్లో రెండు కూజాలు. ఒక కూజాలోంచి రెండో దానిలోకి ఏదో వంపుతోంది. నిజమే, నాలాగే ఉంది, రెక్కలు తప్ప. పాలామెకు రెక్కలు! నాకు సంతోషం పట్టలేదు. కానీ ఆ ముక్కను దగ్గరగా చూసేసరికి నా వృత్తి ముందుకొచ్చింది. ఆ ధార నిలువుగా పడటంలేదు. ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఏటవాలుగా, గాలిలో తేలుతూ పోతోంది.

"గీమెకు పాలు పొయ్య రాదు మేమ్‌సాబ్" అన్నాను. "గిట్ల వంపితె మొత్తం కింద పడ్తది."

"పడతలేదు కదా" అంది ఆమె.

"బొమ్మ కాబట్టి పడతలేదు."

"అదే చూస్త నేను రోజూ. పడాలె, పడతలేదు." తర్వాత ఆమె తమ గిర్జాలో పూజ ఎలా జరుగుతుందో చెప్పింది. పాదిరి వెండి గిన్నెలో ద్రాక్షరసం పోసి, దానిలో ఒక్క చుక్క నీళ్లు కలుపుతాడట. ఆ రసం వాళ్ల దేవుడట, నీటిచుక్క మనుషులట. "నీళ్లకు రంగు లేదు, రుచి లేదు, ధర లేదు. రసంల పడ్డంక దాన్ని ఎవరన్న ఏరి బయటికి తీస్తరా? తియ్యలేరు. ఆ చుక్క ఏం జేసి సంపాయించింది ఆ గిన్నెను? ఏం జెయ్యలే. దాన్నే ఫజల్ అంటరు." ఫజల్ అనే మాట నాకు కొత్తేమీ కాదు. మా వైపు ఎలా ఉన్నావంటే ఖుదాకా ఫజల్ అనే అంటారు. బాగానే ఉన్నానని దాని అర్థమనుకునేదాన్ని.

నాకు వినబడింది వేరు. "ఓయమ్మో! దేవుని గిన్నెల గూడ నీళ్లు కలుపుతరా? మా అవ్వకు తెలిస్తె మీ పాదిరిని ఉతికి ఆరేస్తది!" అన్నాను. మేమ్‌సాబ్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమె నవ్వుతోందని పిల్ల కూడా నవ్వింది. ఎంత హాయిగా ఉన్నానో ఆ పూట. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఆ వానాకాలంలోనే మూసీ ఒడ్డు బస్తీల్లో గత్తర మొదలైంది. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న మనిషి రెండు రోజుల్లో పోయేవాడు. డప్పు వేసి చాటారు కూడా, నది నీళ్లు తాగొద్దు, ఏ నీళ్లైనా కాచి తాగండి అని. డప్పు మా కొట్టం ముందే ఆగింది. పేడ ఎత్తుతూ నా చెవులతో నేను విన్నాను. వినలేదని అబద్ధమాడటానికి కూడా నాకు దారిలేదు.

ఒక పొద్దున బిందెతో వంతెన దిగుతున్నాను. రాళ్లు పాచిపట్టి ఉన్నాయి. కాలు జారింది. పడలేదు, నిలదొక్కుకున్నాను, కానీ బిందె ఒరిగి మూడోవంతు పాలు రాళ్ల మీద పోయాయి. తెల్లగా కిందికి కారిపోతుంటే కుక్క ఒకటి వచ్చి నాకడం మొదలుపెట్టింది. అప్పటికే ఒక బర్రె వట్టిపోయి పాలు చాలక అవ్వ ప్రతి దానికీ మండిపడుతోంది. ఏ ఇంట్లో పాలు తప్పినా సాయంత్రానికి ఆవిడ చెవిన పడుతుంది. ఆవిడ కొట్టే దెబ్బలకు కాదు నా భయం. ఆ తర్వాత వారం రోజులు ముఖం తిప్పుకుంటుందే, దానికి.

వంతెన కింద ఇసుకలో చెలిమెలుండేవి. ఇసుక తవ్వితే ఊరే నీళ్ల గుంటలన్నమాట. దిగివెళ్లి చూశాను. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి, అడుగున ఇసుక రేణువులు కూడా కనిపిస్తున్నాయి. ఇంత తేటగా ఉన్న నీళ్లలో ఏముంటుందిలే అనుకున్నాను. నిజానికి అంతకూడా అనుకోలేదు. చుట్టూ ఎవరూ లేరు కదా అని చూసుకున్నాను, అంతే. కొలపాత్రతో ముంచి పోశాను. ఒకసారి, రెండోసారి, మూడోసారి. బిందె ఎప్పటిలాగే నిండింది.

అన్ని ఇళ్లకూ పోశాను. ఎవరూ ఏమీ అనలేదు. చివరికి మేమ్‌సాబ్ గడప దగ్గర గిన్నె నింపాను. పిల్ల కప్పు చాచింది. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. రుచి తేడా తెలిసి "అక్కా, పానీ!" అని అరుస్తుందేమోనని ఆగింది. రోగం మాట నాకు తట్టనేలేదు, నమ్మితే నమ్మండి. అది అలా ముఖమెత్తి నవ్వుతూ ఎదురుచూస్తుంటే నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో మామూలుగా పోసేదానికి రెట్టింపు కొసరు పోశాను. కప్పు అంచుదాకా పోశాను. అది పండగైనట్టు తాగేసి, నెత్తిన బోర్లించుకుని, "ఖతం!" అంది.

రెండో రోజు పొద్దున అరుగు మీద పిల్ల లేదు. గిన్నె గడప మీదే ఉంది. లోపల్నుంచి మేమ్‌సాబ్ గొంతు, "బేటీ, అందర్ ఆవ్, జల్దీ ఆవ్!" లోపలికి వెళ్లేసరికి వాసన ముఖానికి కొట్టింది. పిల్ల మంచం మీద ఉంది. ఒక్క రోజులో కళ్లు గుంటలు పడిపోయాయి, వేళ్లు ముడతలు పడి ముసలిదాని వేళ్లలా ఉన్నాయి. మేమ్‌సాబ్‌కు మాత్రం ఏమీ కాలేదు. ఆమె కాచిన పాలు తాగింది. వేరే ఏ ఇంట్లోనూ ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లందరూ కాచుకునే తాగారు. పచ్చివి తాగింది ఇదొక్కతే, నా చేతి కొసరు. నాకప్పుడే, అక్కడే తెలిసిపోయింది. గోడకు ఆనుకున్నాను.

డాక్టరును నేనే పరుగెత్తి పిలుచుకొచ్చాను. ఆయన సూది పొడిచాడు. కాచిన నీళ్లలో ఉప్పు వేసి చెంచాతో పడుతూనే ఉండాలన్నాడు. ఇక ఆస్పత్రికి తీసుకుపోయినా దారిలోనే ప్రాణం పోతుందని మెల్లగా మేమ్‌సాబ్‌కు చెప్పాడు. నీళ్లు కాచే పని నాకు పడింది. పొయ్యి ముందు కూర్చుని ఆ నీళ్లు తెర్లడం చూస్తూ ఉండిపోయాను. ఒక గిన్నె, ఇంకో గిన్నె. వంతెన కింద ఈ పని చేసే బుద్ధి ఎందుకు పుట్టలేదే నీకు, ముదనష్టపుదానా, అని నన్ను నేను తిట్టుకుంటూ కాచాను. పోచమ్మకు మొక్కాను. గోడ మీది సిలువకూ మొక్కాను. ఎవరికి మొక్కితే వింటారో నాకు తెలియదు. చెంచాతో పోసినవి పోసినట్టే బయటికి వచ్చేస్తున్నాయి.

పిల్లను ఊరడించడానికి మేమ్‌సాబ్ పత్తాలు తెచ్చి పక్క మీద పరిచింది. అది మిగతావి ముట్టుకోలేదు. ఆ రెక్కల బొమ్మను గుప్పిట్లో పట్టుకుని నా వంక చూసింది. మాట రావడంలేదు, పెదాలు మాత్రం కదిలాయి. ఇన్నాళ్లూ ఆ బొమ్మ పాలు పోస్తోందనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఒక కూజాలోని నీళ్లు ఇంకో కూజాలోకి కలుపుతోంది. అది నన్ను పట్టిచ్చేస్తోందనుకున్నాను. చిలక ముక్క లాగినట్టు ఈ పిల్ల ఆ రోజే నా ముక్క లాగింది, అందులో నేను చెయ్యబోయేదంతా గీసి ఉంది, చూడలేకపోయింది నేనే. మేమ్‌సాబ్ చూస్తే ఎలా అని ఆ ముక్క లాక్కోబోయాను. పిల్ల వదల్లేదు. అంత నీరసంలోనూ వదల్లేదు.

మధ్యాహ్నం అజాన్ వినిపిస్తుండగా ప్రాణం పోయింది. నా చేతిలో చెంచా అలాగే ఉంది.

గత్తర చావు కాబట్టి ఎవరూ రాలేదు. చిన్న చెక్కపెట్టె. పాదిరి, ఇద్దరు మోసేవాళ్లు, మేమ్‌సాబ్, నేను. పెట్టె మూసేముందు పిల్ల చేతిలోని ముక్క తీసేస్తారనుకున్నాను. పాదిరి దాన్ని చూశాడు. మేమ్‌సాబ్ ఆయన కళ్లలోకి చూసింది. ఆయన తల వంచుకున్నాడు. మూత పడింది. ఆ పెట్టెలో దానితోపాటు నేను కూడా పోతున్నాననిపించింది. అలాగైనా పోతే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. చెలిమె మాట విన్నాక ఆవిడ చెయ్యెత్తింది. కొడుతుందని కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే పేడ మట్టిలో అలాగే కూలబడి ఉంది. "ఎవ్వలకు చెప్పకు" అంది. "మన పాలు ఇంకెవ్వరు ముట్టరు. బర్లను ఏం జేస్కోవాలె? నిన్నేం జేస్కోవాలె?" ఆ సాయంత్రం పిండిన పాలన్నీ తీసుకెళ్లి పోచమ్మ రాయి మీద పోసి వచ్చింది. ఎప్పుడూ ఒక్క చుక్క వృథా కానివ్వని మనిషి. నేను అన్నం ముందు కూర్చుంటే తినమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

చెప్పకుండా ఉండలేకపోయాను. ఉండగలిగితే ఎంత బాగుండేది! మర్నాడే మేమ్‌సాబ్ ఇంటికి వెళ్లాను. ఆమె మంచం మీద కూర్చుని కప్పు తుడుస్తోంది. నిలబడే చెప్పేశాను. కాలు జారింది, భయపడ్డాను, చెలిమె నీళ్లు పోశాను, కొసరు పోశాను, రెట్టింపు పోశాను. "మాఫ్ చెయ్యుండ్రి మేమ్‌సాబ్" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. ఏదో దూరపు చప్పుడు వింటున్నట్టు కూర్చుంది. తర్వాత చెయ్యి చాపి తలుపు చూపించింది. "జా" అంది. ఒక్కటే మాట.

మర్నాడు గడప మీద గిన్నె లేదు. ఆ మర్నాడూ లేదు. నాకు ఆ గల్లీలోకి పోవలసిన పనే లేదు, అయినా రోజూ చివరగా అక్కడిదాకా వెళ్లేదాన్ని. ఖాళీ గడప చూసి తిరిగొచ్చేదాన్ని. ఆమె అరిస్తే బాగుండేది. జుట్టు పట్టుకుని గల్లీలోకి ఈడ్చి అందరికీ చెప్తే ఇంకా బాగుండేది. దెబ్బలు తింటే తిన్నానన్న తృప్తైనా మిగిలేది. ఏమీ లేదు. మూసిన తలుపు, ఖాళీ గడప. ఆమె వంతుగా మిగిలిన సేరు పాలు నేను ఎవరికీ అమ్మలేదు. వంతెన మీద ఏ ముసలివాడు కనిపిస్తే వాడి చెంబులో పోసి, కాచి తాగమని వెంటపడి చెప్పేదాన్ని.

చాలా ఏళ్ల తర్వాత మా వాడకట్టులో తిరిగే బైబిల్ చదివే అమ్మ ఒకామె కృప అనే మాట చెప్పింది. అర్హత లేనివాళ్లకు ఊరికే దొరికేదట. ఫజల్‌కు తెలుగు మాట అదేనని అప్పుడు తెలిసింది. "ఊరికే దొరికేది ఎంత బరువుంటదో మీకు తెల్సా అమ్మా?" అని అడిగితే ఆమె నా వంక వింతగా చూసింది. మా మనవడు చదువుకున్నవాడు, ఆ రెక్కల బొమ్మ గురించి నేనడిగితే ఎక్కడో వెతికి, దాని పేరుకు మితంగా ఉండటమని అర్థం చెప్పాడు. నాకు కోపమొచ్చింది. ఆ బొమ్మలో ఆమె కొలిచి పోయడంలేదురా, నేను చూశానుగా, అన్నాను. నేను కిరస్తానీని కాలేదు. ఏటా పోచమ్మకు బోనం ఎత్తుతూనే ఉన్నాను. అయినా ఆ మాటకు అర్థం ఏదైనా ఉంటే, నేను దాన్ని ఒకే ఒక్కచోట చూశాను, ఆ గడప మీద.

వానలు వెనకపట్టు పట్టాయి. ఒక పొద్దున మామూలుగానే గల్లీ మలుపు తిరిగాను. గడప మీద గిన్నె ఉంది. కడిగి, సాసరు మూతతో. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తలుపు తెరిచే ఉంది. మేమ్‌సాబ్ గడప లోపల నిలబడి ఉంది. చిక్కి సగమైంది.

"మాఫ్ చెయ్యమన్నవ్ కదా" అంది. "నా దగ్గర లేదు బేటీ. మస్తు దేవులాడిన. లోపల అంత బండలెక్కనే ఉన్నది. రోజు పొద్దుగాల లేచి గిన్నె కడుగుత, బయట పెడ్దమంటె చెయ్యి రాదు. రోజు గట్లనే. ఇయ్యాల చెయ్యి వచ్చింది. ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు. ఇది నాది కాదు. నాదైతె నేను నీకు ఇయ్యకపోదును."

బిందె దించాను. కొలత పోశాను. కాసిని పాలు గడప మీద చిందాయి. అయిపోయిందనుకుని కొలపాత్ర వెనక్కి తీయబోయాను. అప్పుడు ఆమె కొంగు చాటు నుంచి నీలం అంచు కప్పు తీసి నా ముందుకు చాచింది.

"కొసరు" అంది.

"వద్దు మేమ్‌సాబ్. అది గిన్నెలనే పోస్త. కాచుకోని తాగుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"పొయ్యి."

"ఒట్టు, గీ పాలల్ల ఏం లేదు, అయిన గూడ కాచుకోండ్రి. నా మాట ఇనుండ్రి."

"నీళ్లు ఉన్నయా లేవా నేను అడగలే" అంది. కప్పు ఇంకాస్త ముందుకు చాచింది. "పొయ్యి బేటీ."

నేను ఏం చేయగలను? కొలపాత్ర ముంచి, మణికట్టు వాల్చాను. నా చేయీ నిలవడంలేదు, ఆమె కప్పూ నిలవడంలేదు. ధార అటూ ఇటూ ఊగింది. కింద పడుతుందనే అనుకున్నాను. పడలేదు. ఆమె గడప మీదే నిలబడి, నా కళ్లలోకి చూస్తూ, ఆ పచ్చిపాలు మొత్తం తాగింది. మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ తాగింది. పై పెదవి మీద తెల్లని గీత మిగిలింది. తర్వాత కప్పు నా ముందు బోర్లించి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు.

"ఖతం" అంది, పిల్ల అనే మాటే. నేను అక్కడే బిందె పక్కన కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను లేవనెత్తలేదు. అంత శక్తి ఆమెకు లేదు. గిన్నె మాత్రం లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు వెళ్లేసరికి గడప మీద గిన్నె ఉంది. పక్కన కప్పు ఉంది.